స్కానింగ్ లిడియా

ఏలూరులో లిడియా ఇల్లెక్కడని అడిగితే పవర్‌పేట స్టేషను దగ్గర ఆటోవాళ్ళు కాసేపు తల గోక్కుంటారు. పైపులకి స్కానింగ్ చేసే అమ్మాయి ఇల్లు అని అడిగితే మాత్రం, "ఎక్కండి, ముందే చెప్పొచ్చు కదండీ" అంటారు.

ఆ పేరు ఒక నర్సింగ్ హోమ్‌లో పడింది. పై అంతస్తు నుంచి దిగే మురుగు పైపు ఎక్కడో పూడుకుపోయి గోడలన్నీ చెమ్మ పట్టాయి. ఎక్కడ పగలగొట్టాలో తెలియక ఇద్దరు మేస్త్రీలు వచ్చి చూసి వెళ్ళిపోయారు. లిడియా పైనుంచి కెమెరా దింపి, కింద గదిలో గోడ మీద సుద్దముక్కతో గీత పెట్టి, "ఈ ఒక్క టైలు తీయించండి చాలు" అంది. తీశారు. ఎప్పుడో కట్టేటప్పుడు పడిన సిమెంటు ముద్ద పైపులో గడ్డకట్టుకుపోయి సరిగ్గా ఆ టైలు వెనకే ఉంది. అక్కడి డాక్టరుగారు నవ్వి, "మేం మనుషులకి చేసే స్కానింగ్ నువ్వు పైపులకి చేస్తున్నావమ్మా" అన్నారు. ఆ మాట ఆయాలు విన్నారు, ఆయాల నుంచి ఆటోలకి పాకింది.

చూడ్డానికి ఆమె పనిముట్టు పెద్ద ఆర్భాటంగా ఉండదు. ఇనుప చట్రానికి చుట్టిన వేలి లావు కేబులు. అది వంగుతుంది గాని మెలిపడదు, తోస్తే తోసినంత మేర ముందుకు పోతుంది. కొసన బొటనవేలంత స్టీలు తల. అందులో కెమెరా, దాని చుట్టూ గుండ్రంగా చిన్న చిన్న దీపాలు. లోపల కనిపించేదంతా పైన పెట్టెలో ఉన్న తెర మీద పడుతుంది. ఆ స్టీలు తల నుంచి సిగ్నలు కూడా వస్తుంది. నేల మీద మరో మనిషి లొకేటరనే కర్ర పట్టుకుని నడుస్తూ ఉంటే, కింద కెమెరా ఉన్నచోటికి వచ్చేసరికి అది గట్టిగా కూస్తుంది. లోపల ఏముందో తెర చెబుతుంది, పైన ఎక్కడ తవ్వాలో కర్ర చెబుతుంది.

లిడియా దగ్గర రెండు కెమెరాలున్నాయి. ఒకదాని చట్రానికి ఎర్ర రంగు, రెండోదానికి నీలం. ఎర్రది మురుగుకి, నీలంది మంచినీళ్ళకి. ఎంత తొందరలో ఉన్నా ఎర్రది మంచినీళ్ళ పైపులో పెట్టదు. ఒకసారి తాడేపల్లిగూడెంలో ఒక అపార్టుమెంటు వాళ్ళు, "కడిగి పెట్టేయండి మేడమ్, ఎవరు చూడొచ్చారు" అంటే, "తాగేది మీ పిల్లలేనండి" అని ఏలూరు వెళ్ళి నీలంది తెచ్చుకుంది.

ఈ పనిలోకి ఆమె కావాలని రాలేదు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, విజయవాడలో డ్రైనేజీ లైన్లు తనిఖీ చేసే ఒక చిన్న కంపెనీలో చేరింది. ఏసీ గదిలో కూర్చుని, వీడియోలు చూసి రిపోర్టులు టైపు చేయడం ఆమె పని. ఒకరోజు కెమెరా నడిపే ఆపరేటరు రాలేదు. వీడియోలన్నీ చూసిందానివి నీకు తెలియకపోతుందా అని లిడియాని సైటుకి పంపారు. వెళ్ళేసరికి మ్యాన్‌హోల్ మూత తెరిచి ఉంది. కాంట్రాక్టరు తాలూకు మనిషి ఒక పనివాడి నడుముకి తాడు కట్టిస్తున్నాడు. మనుషుల్ని అందులో దింపకూడదని చట్టం ఉందని వాళ్ళకీ తెలుసు, లిడియాకీ తెలుసు.

"ఆగండి, ముందు కెమెరా దించుదాం" అంది.

"టైమ్ లేదమ్మా."

"మనిషికి తాడు కట్టే టైమ్ ఉంది కదండీ."

దించింది. కేబులు తోసింది. అడ్డం మ్యాన్‌హోల్ అడుగున లేదు. పక్క పైపులో చాలా దూరంగా, ఏ మనిషి చెయ్యీ అందని చోట, విరిగిన కాంక్రీటు ముక్కల మీద గోనెసంచీ ఒకటి చుట్టుకుని ఉంది. నడుముకి తాడుతోనే ఆ పనివాడు తెర వంక చూశాడు. తర్వాత తాడు విప్పుకుని రోడ్డు పక్కన కూర్చుని, "అయితే నేను ఊరికే దిగుండేవాణ్ణన్నమాట" అన్నాడు.

ఆ "ఊరికే" అన్న మాట లిడియాకి చాలా రోజులు చెవిలో ఉండిపోయింది. అప్పట్నించి ఆమె ఆఫీసు గదిలో కూర్చోలేదు.

పెళ్ళయి ఏలూరు వచ్చాక, ఆ కంపెనీ మూసేస్తూ పాత సామాను అమ్మేస్తుంటే కెమెరా ఒకటి తీసుకుంది. భర్త క్రాంతి కుమార్ లెక్కల మాస్టారు. ఆయనకి అభ్యంతరం లేదు. పాలిటెక్నిక్ స్నేహితురాలు శాలిని లొకేటరు పట్టుకుంటానని తనతో కలిసింది. ఇద్దరికీ ఒక పాత వ్యాను. మొదటి ఏడాది ఫోన్లు అంతంతమాత్రం. పిలిచినవాళ్ళు కూడా, "మేస్త్రి ఎవరూ రాలేదా అమ్మా?" అని వ్యాను వెనక్కి తొంగి చూసేవాళ్ళు. రెండో ఏడాదికి ఆ చూడ్డం మానేశారు.

ఒప్పుకోనిది ఒక్క మామగారే.

అహరోను గారిది కొల్లేటి పక్కన పొన్నలంక. తాపీమేస్త్రి. ఆ ఊళ్ళో సగం ఇళ్ళు ఆయన చేతి మీద లేచినవే. ఊరి చివర ఆయన ఉండే పేటలో చర్చి సంఘానికి పెద్ద. నిక్కచ్చి మనిషి, మాట ఇస్తే తప్పడు, మాట అంటే వెనక్కి తీసుకోడు. కోడలు ఇంజనీరింగు చదివిందని పెళ్ళిలో అందరికీ చెప్పుకున్నాడు. తీరా ఆమె చేసే పని తెలిశాక ఆ చెప్పుకోవడం మానేశాడు. "ఇంజనీరంటే పైకి కట్టాలమ్మా. ఇలా డ్రైనేజీల్లోకి తొంగిచూసుకుంటా తిరగడమేంటి?" అని ఒక్కసారి మాత్రం అన్నాడు. ఆ తర్వాత ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆరోగ్యం గురించి, మనవరాలి చదువు గురించి అడిగేవాడు గాని, ఆమె పని ఊసెత్తేవాడు కాదు. అది కోపం కంటే కష్టంగా ఉండేది లిడియాకి.

అలాంటి మనిషి మొన్న వేసవి చివర్లో తనంతట తను ఫోన్ చేశాడు.

"అమ్మా లిడియా, నీ కెమెరా మంచినీళ్ళ పైపులో కూడా దూరుద్దా?"

"దూరుతుందండి మావయ్యా. నీళ్ళు ఖాళీ చేస్తే శుభ్రంగా కనపడుద్ది. ఏవైందండి?"

పేటలో కుళాయి నీళ్ళు కంపు కొడుతున్నాయని చెప్పాడు. పొద్దున కుళాయి వదిలిన కాసేపు మరీ ఎక్కువ. చేపల చెరువు కంపు. పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి, జనం టిన్నుల నీళ్ళు కొనుక్కు తాగుతున్నారు. ఊళ్ళో ట్యాంకు నుంచి పేటకి వచ్చే పైపు కనకరాజు గారి చేపల చెరువు గట్టు కిందనుంచే వస్తుంది. గట్టు తవ్వి పైపు చూపించమని పేటవాళ్ళు పట్టుబట్టారు. చెరువులో చేప పట్టుబడికి వచ్చి ఉంది, గట్టు తవ్వితే చెరువు తెగిపోతుందని కనకరాజు గారు అడ్డం నిలబడ్డాడు. వారం నుంచి గట్టు మీద ధర్నా. దాని ముందు వరసలో అహరోను గారే.

"నువ్వొచ్చి ఆ గట్టు కింద పైపు పగుల్ని జనానికి చూపించాలి" అన్నాడు.

"పగులుంటే తప్పకుండా చూపిస్తానండి. అదెక్కడుందో మాత్రం చూశాకే చెప్పగలను మావయ్యా."

"ఎక్కడుంటది? అక్కడే ఉంటది. నువ్వు రా."

ఆ సాయంత్రం క్రాంతి కుమార్ భార్య వంక చూసి, "మా నాన్న తీర్పు ముందే చెప్పేశాడు. నిన్ను సాక్ష్యానికి పిలుస్తున్నాడు. ఆలోచించుకో" అన్నాడు.

"పేటలో పిల్లలు జబ్బుపడుతున్నారండి. దాంట్లో ఆలోచించేదేముంది?" అంది లిడియా. నీలం చట్రం కెమెరాని బ్లీచింగు నీళ్ళతో తుడిచి వ్యానులో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే లిడియా, శాలిని పొన్నలంక చేరారు. పంచాయతీ సెక్రటరీ ఇందుజ ముందే వచ్చి, ట్యాంకు వాల్వు కట్టించి, పైపులో ఉన్న నీళ్ళు ఖాళీ చేయించింది. ఈ మధ్యనే ఉద్యోగంలో చేరిన పిల్ల. ధర్నా మొదలైనప్పట్నించి సరిగ్గా తిండి తిన్నట్టు లేదు. "ఏదో ఒకటి తేల్చండక్కా. రెండు వైపులా నన్నే తిడుతున్నారు" అంది చిన్నగా.

చెరువు గట్టు ముగిసి పేట మొదలయ్యేచోట వాల్వు ఛాంబరు ఉంది. కెమెరా దించడానికి అదే వీలు. అక్కణ్ణుంచి ఒక వైపు పైపు గట్టు కిందుగా ట్యాంకు దాకా పోతుంది, రెండో వైపు పేటలోకి పోతుంది. ఎండ తెర మీద పడకుండా పెద్ద గొడుగు కట్టారు. లిడియా ఎక్కడ పని చేసినా తెరని జనం వైపు తిప్పి పెడుతుంది, తనకి మాత్రమే కనిపించేట్టు ఎప్పుడూ పెట్టుకోదు. అక్కడా అలాగే పెట్టింది.

పేట జనమంతా ఒక పక్క చేరారు. రెండో పక్క కనకరాజు గారు, చెరువు మీద పనిచేసే వాళ్ళూ. అరవై దాటిన మనిషి, తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు. లిడియాని చూసి, "మీరు అహరోను గారి కోడలంట కదమ్మా. ఇక నాకు న్యాయం జరిగినట్టే లెండి" అన్నాడు.

"మీరు కూడా తెర దగ్గరకొచ్చి నిలబడండి బాబాయ్ గారూ. నేను చూసేదే మీరూ చూద్దురుగాని."

ఆయన ఒక క్షణం తటపటాయించి వచ్చి నిలబడ్డాడు. అవతలి పక్క అహరోను గారు. ఇద్దరి మధ్యా గొడుగు కర్ర.

ముందు గట్టు వైపు తోసింది. తెర మీద గుండ్రటి బూడిదరంగు గుహ. తడికి గోడలు మిలమిల్లాడుతున్నాయి. ఒక్కో అతుకూ ఉంగరంలా వచ్చి వెనక్కి జారిపోతోంది. ప్రతి అతుకు దగ్గరా ఆపి, కెమెరా తలని చుట్టూ తిప్పి చూపించి, మళ్ళీ కదిలించింది. బయట శాలిని లొకేటరుతో గట్టు మీద మెల్లగా నడుస్తోంది.

గట్టు మధ్యకి వచ్చేసరికి తెర ఒక్కసారిగా నల్లబడింది. కేబులు ముందుకి పోలేదు.

"అదిగో!" అని ఎవరో కేకేశారు. "అక్కడే! అక్కడే పగిలింది!" పేటవాళ్ళు ముందుకి తోసుకొచ్చారు. అహరోను గారు చెయ్యెత్తి వాళ్ళని ఆపి, కనకరాజు గారి వంక చూశాడు. "ఇప్పుడేమంటారండీ?"

కనకరాజు గారి మొహం పాలిపోయింది.

"ఆగండి మావయ్యా" అంది లిడియా, తల తిప్పకుండానే. "పగిలితే మట్టి కనపడాలి. ఇది గోడకి ముక్కు ఆనించినట్టుంది. ఇక్కడ పైపు మలుపు తిరిగింది."

రెండు చేతులతో కేబులు పట్టుకుని కొంచెం వెనక్కి లాగి, సగం తిప్పి, మళ్ళీ మెత్తగా తోసింది. పోలేదు. మళ్ళీ లాగింది, ఇంకో వైపు తిప్పింది. చెమట కళ్ళల్లోకి దిగుతున్నా తుడుచుకోలేదు. కెమెరాకి బలం పనికిరాదు, బతిమాలుకున్నట్టు తోయాలని ఆమె శాలినితో ఎప్పుడూ అంటుంది. మూడోసారికి కెమెరా తల మలుపు దాటి జారింది. మళ్ళీ గుండ్రటి గుహ. మళ్ళీ మెరిసే గోడలు. అతుకులన్నీ వేసిన రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

గట్టు అవతలి చివరి దాకా వెళ్ళింది. ఎక్కడా పగులు లేదు.

"సరిగ్గా చూశావా?" అన్నాడు అహరోను గారు.

"మళ్ళీ చూద్దామంటే చూద్దామండి." వెనక్కి లాగుతూ ప్రతి అతుకూ ఇంకోసారి చూపించింది. ఈసారి అతుకు వచ్చినప్పుడల్లా, "ఇది చూశారా మావయ్యా? మీరు చూశారా బాబాయ్ గారూ?" అని ఇద్దర్నీ అడిగింది. ఇద్దరూ తల ఊపారు. కెమెరా బయటికొచ్చాక కనకరాజు గారు తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్ళబోయాడు.

"ఉండండి. ఇంకా అయిపోలేదండి" అంది లిడియా. "కింది వైపు చూడాలి."

"అటేముంది?" అన్నాడు అహరోను గారు. "అటు మన ఇళ్ళే."

"వాసనొచ్చేది ఆ ఇళ్ళల్లోనే కదండీ."

కెమెరా పేట వైపు కదిలింది. వీధిలో శాలిని, ఆమె వెనకాల పిల్లలూ పెద్దలూ. మొదటి ఇళ్ళు దాటాయి. ఒక్కో కుళాయికి తీసుకున్న కనెక్షను పైకప్పులో చిన్న బొక్కలా కనిపించి వెళ్ళిపోతోంది. ఇంకొంచెం ముందుకి వెళ్ళాక పైపు అడుగున సన్నటి గోధుమరంగు ధార మొదలైంది. పైన నీళ్ళు కట్టేసి చాలాసేపైంది. పైపులో ధార ఉండకూడదు. లిడియా నెమ్మదించింది. ధార చిక్కబడుతోంది. ఆ తర్వాత తెర మీదకి అది వచ్చింది.

పైపు పక్క గోడలో అడ్డంగా చీలిక. ఆ చీలికలోంచి మురికినీళ్ళు ఊరి ఊరి పైపులోకి దిగుతున్నాయి. పైపు పగిలితే లోపలి నీళ్ళు బయటికి పోతాయని అందరికీ తెలుసు. బయటి నీళ్ళు లోపలికి రావడం అక్కడివాళ్ళు అప్పుడే చూశారు. ఎవరో ఆడమనిషి "ప్రభువా" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చీలిక అంచున నల్లటి రబ్బరు ముక్క ఒకటి నాలుకలా లోపలికి వేలాడుతోంది.

వీధి చివర లొకేటరు గట్టిగా కూసి ఆగిపోయింది. శాలిని అక్కడే నిలబడి చుట్టూ చూసి, కర్ర వేరేవాళ్ళ చేతికిచ్చి, పరుగులాంటి నడకతో వచ్చింది. లిడియా చెవి దగ్గరకి వంగి, "చర్చి కొత్త గోడ. మూల స్తంభం కిందకి చూపిస్తోందే" అంది.

ఆ ప్రహరీ గోడ కిందటి ఏడాది లేచింది. సంఘం మనుషులే తలా ఒక చెయ్యి వేశారు. అహరోను గారు ముసలి నడుముతో తనే తాపీ పట్టి, మూల స్తంభం మీద శిలువ గుర్తు కూడా తనే తీర్చాడు. ఏలూరు నుంచి వచ్చిన ప్రతివాళ్ళనీ తీసుకెళ్ళి అది చూపించేవాడు. లిడియాకీ చూపించాడు.

ఆమె చేతులు కేబులు మీద అలాగే ఉండిపోయాయి. ఇప్పటికింతే, మిగతాది రేపు చూద్దాం అనడం పెద్ద కష్టం కాదు. బ్యాటరీ అయిపోయిందన్నా ఎవరూ కాదనరు. రాత్రికి మామగారికి ఒక్కడికీ చెబితే, ఆయనే గుట్టుగా తవ్వించి బాగుచేయించుకుంటాడు. కానీ తెర జనం వైపే ఉంది. దాని మీద ఆ నీళ్ళు దిగుతూనే ఉన్నాయి.

"ఇందుజ గారూ" అని పిలిచింది. "లీకు దొరికిందండి. చర్చి గోడ మూల స్తంభం దగ్గర తవ్వాలి."

ఆ మాటకి పేటవాళ్ళంతా ఒక్కసారి మాట్లాడబోయి ఆగిపోయారు. ఎందుకంటే అహరోను గారు తెర దగ్గరకి వచ్చి వంగి, ఆ రబ్బరు ముక్క వంకే చూస్తున్నాడు.

"అది సైకిలు ట్యూబు" అన్నాడు చివరికి. "నేనే కట్టించాను."

తర్వాత నిటారుగా నిలబడి, అందరికీ వినపడేలా చెప్పాడు. స్తంభానికి గొయ్యి తీస్తుంటే గునపం పోటు పైపుకి తగిలింది. నీళ్ళు చిమ్మాయి. అప్పటికప్పుడు సైకిలు ట్యూబు చుట్టి బిగించారు, నీళ్ళు ఆగాయి. ఆగింది కదా అని పైన కాంక్రీటు పోశారు. "మరి దాని ఊసే నాకు గుర్తులేదు. నిజంగా గుర్తులేదు. గుర్తుంటే వారం రోజులు ఆ గట్టు మీద కూర్చుంటానా?"

లిడియా మిగతాది విడమరిచి చెప్పింది. ఏడాదిలో ట్యూబు నాని కుళ్ళిపోయింది, పైన స్తంభం బరువుకి చీలిక తెరుచుకుంది. కుళాయి వదిలినంతసేపూ నీళ్ళ ఒత్తిడికి చీలికలోంచి నీళ్ళు బయటికి పోతాయి. కట్టేయగానే పైపులో ఒత్తిడి పోయి, పక్కనే ఉన్న మురుగు కాలువ నీళ్ళు లోపలికి ఊరతాయి. మర్నాడు పొద్దున మొదట కుళాయిలోంచి వచ్చేవి అవే. మరి చేపల చెరువు వాసన ఎందుకొచ్చిందంటారా? చెరువు నుంచి వదిలే నీళ్ళు ఆ కాలువలోనే పోతాయి. పేటవాళ్ళ ముక్కులు అబద్ధం చెప్పలేదు. నీళ్ళు వచ్చిన దారి వేరు, అంతే.

అహరోను గారు కనకరాజు గారి ముందుకి వెళ్ళి చేతులు జోడించాడు. "తప్పైపోయిందండి. నలుగుర్నీ పోగేసి మిమ్మల్ని నానా మాటలూ అన్నాను."

కనకరాజు గారు వెంటనే కరిగిపోలేదు. "వారం రోజులు, అహరోను గారూ. నా ఇంట్లో ఆడవాళ్ళు వీధిలోకి రావడం మానేశారు" అన్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, తన మనుషుల్ని తీసుకుని గట్టు మీదుగా వెళ్ళిపోయాడు.

గొయ్యి తవ్వడం మొదలైంది. కాస్త లోతుకి వెళ్ళేసరికి కాలువ నీళ్ళు ఊరి గొయ్యి నిండిపోతోంది. బకెట్లతో తోడుతున్న కొద్దీ మళ్ళీ నిండుతోంది. మొహమొహాలు చూసుకుంటూ ఉండగా గట్టు మీంచి ట్రాక్టరు వచ్చింది. వెనక చెరువు దగ్గరి డీజిలు ఇంజను, పైపులు. కనకరాజు గారు ట్రాక్టరు దిగకుండానే, అహరోను గారి వంక చూడకుండా, ఇందుజతో అన్నాడు. "నీళ్ళు తోడకుండా ఎలా అతుకుతారమ్మా? మా కాలువ నీళ్ళే కదా, మా ఇంజనే తోడుద్ది."

స్తంభం పగలగొట్టక తప్పలేదు. సమ్మెట ఎవరికీ ఇవ్వలేదు అహరోను గారు. తను పెట్టిన స్తంభాన్ని తనే కొట్టాడు. పైపు ముక్క మార్చి, దాన్ని ఇంకో లావుపాటి పైపులోంచి పోనిచ్చి, దాని మీద బరువు పడకుండా పునాది పక్కకి జరిపారు. లైనంతా బ్లీచింగు నీళ్ళతో కడిగారు. లిడియా మళ్ళీ కెమెరా తోసింది. ఈసారి పైపు అడుగు పొడిగా ఉంది. ఇందుజ పంపించిన నీళ్ళు పరీక్షలో మంచివని తేలాకే పేటలో కుళాయిలు తిప్పారు. చెరువు నీళ్ళు వదిలే కాలువకి కూడా వేరే దారి చూపమని ఇందుజ కనకరాజు గారిని అడిగింది. ఆయన గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

ఇంత జరిగాక కూడా లిడియాకి మనసు కుదుటపడలేదు. పని చెడలేదు, చెప్పింది తప్పు కాదు. అయినా నలుగురిలో మామగారి తల వంచింది తన తెరే. ఆ నెలంతా అహరోను గారు ఫోన్ చేయలేదు. ఆదివారం వెళ్తే, "బావున్నారా" అని లోపలికి వెళ్ళిపోయేవాడు. "నేను ముందు ఆయనకొక్కడికే చెప్పాల్సిందేమోనండి" అని ఒకరోజు క్రాంతి కుమార్‌తో అంది.

"చెప్పుంటే ఆయనే నిన్ను క్షమించేవాడు కాదు" అన్నాడు క్రాంతి కుమార్. "మా నాన్న సంగతి నాకు తెలుసు. నీ మీద కోపం కాదు. తన చేతి పనిలో తప్పొచ్చింది, దాంతో కుస్తీ పడుతున్నాడు."

అది నిజమే. వానలు పడ్డాక ఒక పొద్దున్న అహరోను గారు ఏలూరు బస్సు దిగి సరాసరి ఇంటికొచ్చాడు. చేతిలో తాపీ సంచి. లిడియా, శాలిని తాడేపల్లిగూడెం బయల్దేరుతున్నారు. అక్కడ ఒక పాత రైసు మిల్లు కింద ఎప్పటిదో ఇటుకల డ్రెయిను ఉంది. దాని మీద కొత్త షెడ్డు వేయొచ్చో లేదో చూసి చెప్పమన్నారు.

కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "ఇటుక డ్రెయిను అంటున్నావు. ఇటుక నీకు తెలుసా?" అన్నాడు.

"పగులు తెలుసుద్ది మావయ్యా. కట్టుబడి తెలీదండి."

"కట్టుబడి నేను చూస్తాలే. పద."

వ్యానులో ముందు సీటు ఆయనకిచ్చి శాలిని వెనక్కి మారింది. మిల్లు దగ్గర ఎర్ర చట్రం దించి లిడియా కెమెరా తోస్తుంటే, ఆయన గొడుగు కింద స్టూలు వేసుకుని తెరకి కళ్ళు అప్పగించాడు. మురుగులోంచి పాత ఇటుకల కమాను బయటపడుతోంది. ఒకచోట లిడియా ఆపి, "ఇక్కడ సున్నం అంతా రాలిపోయిందండి. ఇది పడిపోద్దేమో" అంది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని దగ్గరకి వంగాడు. "సున్నం పోయినా ఏం కాదమ్మా. ఇటుకని నిలువునా పేర్చి ఒకదానికొకటి బిగించాడు చూడు. బరువు పడే కొద్దీ ఇంకా బిగుసుకుంటది. ఎవడో గాని మంచి పనోడు. కొంచెం ముందుకి పోనీ."

ముందుకి పోనిచ్చింది. కమాను ఇటుకల్లో రెండు జారి ఉన్నచోట ఆయన "ఆపు" అనడం, ఆమె కెమెరా ఆపడం ఒకేసారి జరిగాయి. ఇది మాత్రం ప్రమాదమేనని ఆయన చెప్పాడు. ఎంత మేర ఉందో ఆమె కొలిచింది. అక్కడ షెడ్డు స్తంభం రాకూడదని మిల్లు వాళ్ళకి ఇద్దరూ కలిసి చెప్పారు. మిల్లు మేనేజరు, "పెద్దాయన మీ స్టాఫాండి?" అని అడిగాడు.

లిడియా సమాధానం వెతుక్కునేలోపు అహరోను గారే అన్నాడు. "ఆయ్, మా కోడలి దగ్గర పనండి. ఇటుకల సెక్షను."

ఇప్పుడు ముగ్గురూ తిరుగుతున్నారు. చింతలపూడి వైపు పామాయిలు ఫ్యాక్టరీ పైపులు శాలిని ఒక్కతే చూసుకుంటోంది. పాత కట్టడాలున్నచోటికి మామా కోడళ్ళు వెళ్తారు. పొన్నలంకలో ఎవరు పునాది తీయాలన్నా ముందు అహరోను గారికి చెబుతున్నారు. ఆయన నేల మీద ముగ్గు పోసి, కింద పైపు ఎటు పోతుందో చూపించి, ఇక్కడ గునపం వేయొద్దు అని గట్టిగా చెబుతాడు. కనకరాజు గారి కొత్త చెరువు తూము కట్టేటప్పుడు కూడా ఆయన్నే పిలిచారు.

పోయిన వారం ఉంగుటూరు దగ్గర కాలువ కింద తూములో నీళ్ళు అవతలికి పోవడం లేదని రైతులు ఫోన్ చేశారు. ఫోను ఎత్తింది అహరోను గారు.

"వస్తామండి, రేపొద్దున్నే" అన్నాడు. "ఈలోపు తవ్వకండేం. మా అమ్మాయి వచ్చి చూసిందాకా ఎవరూ గునపం ఎత్తొద్దు."